చెక్కనీళ్ళలో ముంచిన వీలునామా

మొన్న మా పక్కింటాయన వీలునామా రాయించుకుంటూ సాక్షి సంతకానికి నన్ను పిలిపించాడు. మా పేటలో సంతకం పెట్టగలిగిన ముసలివాళ్ళు ఇద్దరమే. ఆ రెండో ఆయనకు ఈ మధ్య చెయ్యి వణుకుతోంది. రాజమండ్రి నుంచి వచ్చిన లేఖరి స్టాంపు కాగితం మీద తాను రాసింది గడగడా చదివేసి, కలం నా చేతికిచ్చి, "ఇక్కడండి" అని వేలుపెట్టి చూపించాడు. నేను కలం పక్కన పెట్టి, కాగితం ఇటివ్వండి అన్నాను. "ఇప్పుడే చదివాను కదండీ!" అన్నాడు. మీరు చదివింది విన్నాను, అందులో ఏముందో నేను చూడాలి కదండీ అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. వస్తే వచ్చింది. నేను కూడబలుక్కుంటూ చివరిదాకా వచ్చేసరికి ఆయన రెండు చుట్టలు కాల్చాడు, పక్కింటాయన ఒక కునుకు తీశాడు. అంతా సరిగ్గానే ఉంది. సంతకం పెట్టాను. అప్పుడా ఇంటావిడ కాగితాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొని, "దీన్నెక్కడ దాచమంటారు బాబాయిగారూ, మా ఇంటినిండా చెదలండి" అంది. "ఎక్కడైనా దాచు గాని చెక్కనీళ్ళలో మాత్రం ముంచకు" అన్నాను. అందరూ పెద్దగా నవ్వారు, నేనేదో సరసమాడానని. ఇంటికొచ్చాక నాకు మాత్రం అన్నం సయించలేదు.

చెక్కనీళ్ళంటే తెలియనివాళ్ళకు చెబుతాను. మేము గోదావరి మీద వలేసి బతికేవాళ్ళం. వల జనపనారతో అల్లుతాం. ఎంత గట్టి నార అయినా రోజూ నీళ్ళలో నానితే కుళ్ళిపోతుంది. అందుకని తుమ్మచెక్క, అంటే తుమ్మచెట్టు బెరడు, దంచి, పెద్ద బానలో కాచి, ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉండగా వలను ముంచి, ఇసుక మీద ఆరేస్తాం. వల తాంబూలంలో వేసే కాచు రంగుకు తిరుగుతుంది. ఆ నీళ్ళు తాగిన నార కుళ్ళదు, పురుగు ముట్టదు. ఆ బాన దగ్గర పెత్తనమంతా మా అమ్మది. ఆమె లెక్కలో లోకంలో వస్తువులు రెండే రకాలు, చెక్కనీళ్ళు పట్టినవీ, ఇంకా పట్టనివీ. తెరచాప ముంచేది, తాళ్ళు ముంచేది, మా నాన్న గోచీలు ముంచేది. ఒకసారి మా వదిన పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెల్లకోక కూడా ముంచేసింది. వదిన రెండు రోజులు ఏడ్చింది. "ఏడుస్తావేంటే పిచ్చిదానా, పదేళ్ళు కట్టుకుంటావు" అంది అమ్మ. వదిన ఆ కోకను నిజంగానే పదేళ్ళు కట్టింది, కట్టినన్నాళ్ళూ అమ్మను తిట్టుకుంటూ.

మేము కొవ్వూరు వైపు ఒడ్డున ఉండేవాళ్ళం. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు, రాజమండ్రి వెళ్ళాలంటే పడవే దిక్కు. మా నాన్నకు ముగ్గురం. పెద్దవాడు మా అన్న, తర్వాత అక్క, చివర నేను. అక్కకు పద్దెనిమిదేళ్ళకే మొగుడు పోయాడు. మా వాళ్ళలో మారుమనువు ఉంది, సంబంధాలు కూడా వచ్చాయి. అక్క ఒప్పుకోలేదు. "ఒకడికి వండిపెట్టి చూశాను, చాలు" అంది. పుట్టింటికి వచ్చి, వల అల్లే సూదీ, కన్ను కొలిచే వెదురు బద్దా పట్టుకొని అరుగు మీద కూర్చుంది. పులసల కోసం వేసే మా పెద్ద వల మూడేళ్ళపాటు ఒక్కతే అల్లింది. దాని ముడి జారేది కాదు. వల అల్లేవాళ్ళకు ఎవరి చెయ్యి వాళ్ళకుంటుంది, ముడి చూసి ఇది ఎవరిదో చెప్పేయొచ్చు. అక్క ముడి వేలితో తడిమితే గోధుమగింజలా గట్టిగా తగిలేది. రాజమండ్రి రేవులో సైతం మా వలను పట్టి చూసి, "ఇది ఎవరు అల్లారండీ?" అని అడిగేవాళ్ళు. మా నాన్న, "మా పిల్లండి" అనేవాడు. ఆ ఒక్కమాట అనటానికే ఆ వలను అవసరం లేకపోయినా రేవులో ఆరేసేవాడని నా అనుమానం.

మా దగ్గర చేపల పంపకం ఇసుకతిప్ప మీదే జరుగుతుంది. పడవకొక వాటా, వలకొక వాటా, లాగిన మనిషికొక వాటా. పడవ ఎవరిదైతే వాళ్ళు ఇంట్లో పడుకున్నా పడవ వాటా వాళ్ళ ఇంటికి వస్తుంది. వల కూడా అంతే. పులసలు ఎదురెక్కి వచ్చే రోజుల్లో, వరదకు ఎర్రనీరు తగిలాక, మంచి వల ఉన్న ఇంటికి ఆ రెండు నెలల వాటాతో ఏడాది గడిచిపోతుంది. మా నాన్న బతికున్నంతకాలం పడవా వలా ఆయనవే కనక ఇంట్లో ఎవరికీ ఈ గొడవ లేదు. తాను పోయాక ఏమవుతుందన్నది ఆయన బెంగ. అన్న సంగతి ఆయనకు తెలుసు. నా సంగతి తెలుసుననుకున్నాడు.

ఒక జ్యేష్ఠమాసంలో నాన్న అక్కను తీసుకొని పడవ మీద రాజమండ్రి వెళ్ళాడు. చేపలమ్మటానికనే అనుకున్నాం. సాయంత్రం తిరిగొచ్చి ఒక వెదురు గొట్టం చూపించి, "వీలునామా రాయించాను. నిశానీ కూడా పెట్టాను" అన్నాడు. అక్షరాలు రానివాళ్ళు అప్పట్లో సంతకానికి బదులు తమ వృత్తి గుర్తేదో గీసేవాళ్ళు, దాన్నే నిశానీ అనేవాళ్ళు. వ్యవసాయం చేసేవాళ్ళు నాగలి గీసేవాళ్ళు, వ్యాపారం చేసేవాళ్ళు తక్కెడ గీసేవాళ్ళు. మా నాన్న వల కన్ను ఒకటి గీశాడట, కలం విరిగేటంత గట్టిగా. "ఏం రాయించావు నాన్నా?" అని అన్న అడిగాడు. "నేను చచ్చాక వింటావులే, తొందరేంటి?" అన్నాడు. గొట్టానికి మైనంతో మూత వేసి ఇంటి వాసానికి కట్టాడు. ఇంట్లో అక్షరం ముక్క ఎవరికీ రాదు. అందుకని ఆ గొట్టంలో ఎవరి వీలునామా వాళ్ళకు ఉండేది. అన్న దాని కింద నుంచి వెళ్ళేటప్పుడు పడవా వలా రెండూ తన పేరనే రాసి ఉన్నట్టు నడిచేవాడు.

నాన్న ఆ తర్వాత రెండేళ్ళకు శ్రావణంలో పోయాడు, మూడురోజుల జ్వరంతో. పులసల రోజులు. ఎవరికీ తీరిక లేదు. ఏడుపు కూడా వలలు దించి వచ్చాకే ఏడ్చాం, ఉన్నమాట చెప్పటానికి సిగ్గేమీ లేదు. పదిరోజుల కర్మ ముగిసిందో లేదో వరద వచ్చి పేటలోకి నీరెక్కింది. మేమంతా గట్టు మీదకు పోయాం. నీరు తీశాక ఇంటికొస్తే ఒక వాసం కూలి ఉంది, గొట్టం బురదలో పడి ఉంది, మూత ఊడిపోయింది. అమ్మ కాగితం బయటికి తీసింది. మూడురోజులు నానిన కాగితం, ముట్టుకుంటే ముద్దవుతోంది. అమ్మ ఎవరినీ పిలవలేదు, అడగలేదు. నానిపోయే వస్తువును ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. అప్పటికే బానలో వలకు నీళ్ళు కాగి ఉన్నాయి. కాగితాన్ని ఒక పాతగుడ్డ మీద పరిచి, గుడ్డతో సహా మెల్లగా ముంచి, ఇసుక మీద వల పక్కనే ఆరేసింది. నేను ఒడ్డుకొచ్చేసరికి నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టి, కాకులు రాకుండా కర్ర పట్టుకొని కాపలా కూర్చుంది. "ఇంక దీనికి ఏ భయమూ లేదురా" అంది.

కార్తీకంలో పెద్దలు కూర్చున్నారు. మా కులపెద్దలు నలుగురూ, కాగితం చదవటానికి కరణంగారూ. ఆ రోజు ముసురు పట్టింది. వసారాలో సగం చీకటి. అమ్మ కాగితం తెచ్చి కరణంగారి ముందు పెట్టింది. కాచు రంగు తిరిగి, బిరుసెక్కి, అంచులు ముడుచుకుపోయి ఉంది. ఆయన రెండు వేళ్ళ కొసలతో ఎత్తి, ముక్కుకు దూరంగా పట్టుకొని, "ఇదేంటయ్యా, ఎండుచేప తోలా?" అన్నారు. అందరూ నవ్వారు. అటూ ఇటూ తిప్పారు. "అడుగున మీ నాన్న నిశానీ కనబడుతోంది. మిగతాది గోదాట్లో కలిసిపోయింది. ఎవరు చేశారీ పని?" అన్నారు. అమ్మ ముందుకొచ్చి, "నేనేనండి. ముంచకపోతే ముక్కలైపోయేదండి" అంది. మళ్ళీ నవ్వారు. మా అన్న అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ కాగితం రాసిన లేఖరి అప్పటికే చనిపోయాడని కబురొచ్చింది. సాక్షులిద్దరిలో ఒకాయన పోయాడు, రెండో ఆయన రంగూను ఓడ ఎక్కాడు.

"అయితే మీకు తెలిసింది చెప్పండి" అన్నాడు పెద్దమనిషి. అన్న, పడవ పెద్దకొడుకుది, అందులో అడిగేదేముంది అన్నాడు. దాన్ని ఎవరూ కాదనలేదు. అప్పుడు అక్క లేచింది. తడుముకోకుండా చెప్పింది. "పడవ అన్నది. వల నాది, నేను బతికున్నంతకాలం. వల లాగేది తమ్ముడు గనక వల వాటాలో సగం వాడికి, సగం నాకు. పడవ మీద తిరిగొస్తూ నాన్న నాతో చెప్పాడు." పెద్దమనిషి నావైపు తిరిగి, "నువ్వేమంటావురా చిన్నోడా?" అన్నాడు.

ఇక్కడ నేను ఏదైనా సాకు చెప్పుకోవచ్చు. అప్పటికి నాకు పెళ్ళి కుదిరింది, మామగారింటి దగ్గర మాట దక్కాలంటే సొంత వల ఉండాలి, ఇలాంటివి. అవన్నీ తర్వాత వెతుక్కున్నవి. జరిగింది ఇంతే. సగం నాది అని వినగానే మిగతా సగం మీదకు మనసు పోయింది. "నాన్న నాతో కూడా చెప్పాడు. వల మొత్తం నాకేనన్నాడు" అన్నాను. అబద్ధం. నాన్న నాతో ఆ ఊసే ఎత్తలేదు. అన్న వెంటనే నా పక్షం వచ్చాడు. "అదండీ! ఆడదానికి వల వాటా ఏంటి? రేపు ఇసుకతిప్ప మీద దానిముందు చేతులు కట్టుకు నిలబడాలా మనం?" అన్నాడు. ఈ మాట పెద్దలకు నచ్చింది. అమ్మను అడిగారు. అమ్మ నేల చూస్తూ, "నాకేం తెలుసండి. చదువు రానిదాన్ని. పాడుచేసినదాన్ని" అంది. ఆ కాగితాన్ని బయట వెలుతురులోకి తీసుకెళ్ళి ఇంకోసారి చూడండి అని ఎవరూ అనలేదు. అనవలసినవాణ్ని నేను.

పడవ అన్నకు, వల నాకు, అక్కకు ఇద్దరిళ్ళలో నెలకొకచోట తిండి అని తీర్పు చెప్పారు. అక్క తన సూదీ బద్దా చేతిలోకి తీసుకొని, "నెలకొక ఇంటికి తిప్పటానికి నేనేమన్నా అరువు రోకలినా?" అని బయటికి నడిచింది. పేట చివర ఒక పాక వేసుకుంది. ఊరందరికీ కూలికి వలలు అల్లింది. నాతో పదహారేళ్ళు తానుగా పలకరించింది లేదు. అలాగని తగువూ పెట్టుకోలేదు. రేవులో ఎదురుపడితే పక్కకు తప్పుకునేది, పడవకు దారిచ్చినట్టు.

వల అంటే ఒకసారి అల్లితే అయిపోయేది కాదు. రోజూ ఎక్కడో ఒకచోట చిరుగుతుంది, రోజూ కట్టాలి. పెళ్ళయ్యాక నా భార్య కట్టింది, మంచిదే పాపం, ఆమె ముడి జారేది. రెండో ఏట వల నడుమ నేను దూరేటంత చిరుగు పడింది. అందులోంచి పులసలు దర్జాగా పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇక తప్పక వల భుజాన వేసుకొని అక్క పాకకు వెళ్ళాను. చేతిలో పని ఆపకుండానే, "ఎవరిదీ వల?" అంది.

"మనదే అక్కా."

"మనదంటే కూలి ఎలా అడగను? నీదని చెప్పు, అడుగుతాను."

"నాదే."

"అయితే రెండు పులసలు."

"చిరుగు ఒకటే కదా, రెండెందుకు?"

"ఒకటి చిరుక్కి. ఒకటి అబద్ధానికి. ముందే తెచ్చివ్వాలి, నీ మాట మీద నమ్మకం లేదు నాకు."

తెచ్చిచ్చాను. కట్టింది. తర్వాత ఏడాదికొకసారి వెళ్ళేవాణ్ని. ప్రతిసారీ అదే బేరం. నా భార్య నవ్వేది, మీ అక్కగారికి పెద్దలు ఇవ్వని వాటా మీరే మోసుకెళ్ళి ఇస్తున్నారని. ఎంత కట్టినా వల వయసు వలదే. ఏడేళ్ళకు పీలికలైంది. దాని ముక్కలు కలిపి చిన్న వల చేసుకున్నాను, అదీ పోయాక ఇతరుల వలలు లాగి మనిషి వాటా తెచ్చుకున్నాను. అబద్ధమాడి సంపాదించింది అంతవరకే వచ్చింది.

అమ్మ నా దగ్గరే ఉండేది. ఆ కార్తీకం తర్వాత ఆమె బాన దగ్గరకు రాలేదు. నా భార్య చెక్క ఎంత వెయ్యాలి అత్తయ్యా అని అడిగితే, "నన్నడక్కే, నా చెయ్యి మంచిది కాదు" అనేది. పిల్లల గుడ్డలు తెల్లగా చిరిగిపోతుంటే చూస్తూ ఊరుకునేది. ఆ కాగితాన్ని మాత్రం తన వక్కలబుట్ట అడుగున దాచుకుంది. ఏడాదికి రెండు మూడుసార్లు, "ఒరే, చదువొచ్చినాయన ఎవరైనా ఇటొస్తే ఒక్కసారి చూపించరా, ఒక్క ముక్కన్నా మిగిలిందేమో" అనేది. అలాగేనమ్మా అనేవాణ్ని. వచ్చేవాళ్ళు వస్తూనే ఉండేవాళ్ళు. పోలవరం నుంచి వెదుళ్ళ తెప్పలతో వచ్చే గుమస్తాలు, నిడదవోలు సంతకు పోయే శెట్టిగార్లు, అంతా చదువుకున్నవాళ్ళే. నేను ఒక్కరికీ చూపించలేదు. ఒక్క ముక్కన్నా మిగిలి ఉంటుందేమోనని నాకూ ఉండేది, ఆమెకు ఆశ, నాకు భయం. పద్నాలుగేళ్ళు అలా అడిగి అడిగి అమ్మ పోయింది. పోయేముందు అక్క చెయ్యి పట్టుకొని, "నీ అన్నం నేను పాడుచేశానే" అంది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అప్పుడైనా నోరు విప్పవలసింది. విప్పలేదు.

బుట్ట నా చేతికొచ్చింది. కాగితాన్ని పారేద్దామని రేవుకు తీసుకెళ్ళి, నీళ్ళలోకి దిగి కూడా తిరిగొచ్చాను. నేను అబద్ధమాడానని నాకు తెలుసు. కాని నాన్న ఏం రాశాడో నాకు తెలియదు కదా. ఒకవేళ నిజంగానే వల నాకు రాశాడేమో, అప్పుడు నేనాడింది అబద్ధమైనా తీసుకున్నది దొంగసొత్తు కాదేమో అని ఒక మూల చిన్న ఆశ. నేను దొంగనో కాదో చూసుకోవటానికి అక్షరాలు నేర్చుకున్నాను. జ్ఞానం కోసం కాదు.

రేవును వేలంలో పాడుకున్న పాటదారు దగ్గర ఒక ముసలి గుమస్తా ఉండేవాడు. పడవ ఇటు వచ్చి మళ్ళీ అటు వెళ్ళేలోపు ఆయనకు పని ఉండేది కాదు. నాకు చదువు చెప్పండని అడిగితే నా నెరుస్తున్న మీసం చూసి నవ్వాడు. "ఏమయ్యా, ఈ వయసులో పురాణాలు చదువుతావా?"

"లేదండి, ఒక కాగితం చదవాలండి."

"దాని కోసం ఇంత కష్టమెందుకు? తే, నేను చదివిపెడతాను."

"వద్దండి. అది నేనే చదవాలండి."

ఆయన నవ్వటం మానేసి ఒప్పుకున్నాడు. తడి ఇసుక మీద తెడ్డు కొసతో రాసి చూపించేవాడు. నేను దిద్దుతుండగానే అల వచ్చి చెరిపేసేది. "మంచిదే, పలక కడిగే పని లేదు" అనేవాడు. ముందుగా 'వల' ఎలా రాస్తారండి అని అడిగాను. రెండే అక్షరాలు. ఇంత చిన్నదా అనిపించింది. తాళ్ళు లాగి మొద్దుబారిన వేళ్ళు, ఒత్తు దగ్గరకు వచ్చేసరికి తిరిగేవి కావు. మా అన్న రేవులో చూసి, "ముసలిపెళ్ళికొడుకు ఓనమాలు దిద్దుతున్నాడ్రోయ్" అని పడవలో అందరికీ వినబడేలా అరిచేవాడు. అరవనీ. రెండేళ్ళు పట్టింది.

ఒక వైశాఖంలో, పట్టపగలు, పేటంతా నీడ పట్టున పడుకున్న వేళ, కాగితం తీసుకొని ఇసుకతిప్ప మీదకు వెళ్ళాను. చేతిలో పెట్టుకొని చూస్తే ఏమీ లేదు, కరణంగారు చెప్పినట్టు ఎండుచేప తోలే. కళ్ళు మండి, ఎండకు అడ్డంగా ఉంటుందని దాన్ని ముఖానికి ఎత్తి పట్టుకున్నాను. సూర్యుడు దాని వెనక్కు వచ్చాడు. కాచు రంగు కాస్తా తేనె రంగైంది. అందులో సన్నగా, నల్లగా, కలం గాటు పడినచోటల్లా మసితో చేసిన సిరా నిలిచి ఉంది. వరసలు వరసలుగా, మొదటి నుంచి చివరిదాకా. ఒకటో రెండో మాటలు తప్ప ఏదీ పోలేదు. మెడ పట్టేసేదాకా చదివాను. పడవ పెద్దకొడుకుకు. నా కుమార్తె తన చేతులతో అల్లిన పెద్దవల ఆమె జీవించి ఉన్నంతకాలము ఆమెది. చిన్నకొడుకు వల లాగి ఆ వాటాలో సగము తీసుకొని సగము ఆమెకు ఇవ్వవలెను. అక్క చెప్పినది చెప్పినట్టే ఉంది. ఆ తర్వాత ఇంకొక వరస ఉంది, అది అక్క కూడా చెప్పలేదు. చిన్నవాడు అక్కకు అన్యాయము చెయ్యడు గనక వాణ్ని నమ్మి ఈ ఏర్పాటు చేసినాను. దాని కింద వల కన్ను.

అప్పుడు కూడా ఒక ఆలోచన వచ్చింది, దాచను. ఇది చదవటం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, గోదావరి పక్కనే ఉంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కాళ్ళు కాలి నడక మొదలుపెట్టాను, నడిస్తే అక్క పాక వచ్చింది.

అక్క చూరు కింద కూర్చొని అల్లుతోంది. తలంతా నెరిసింది. నా చేతిలో కాగితం చూసి, "ఇప్పుడేం చిరిగింది?" అంది. చదివానక్కా అన్నాను. సూది ఆగింది. "చదవటం నేర్చుకున్నావా?"

"ఆఁ."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"రెండేళ్ళు."

"నేను చెప్పినప్పుడు విని ఉంటే ఒక్క పూట పట్టేది."

"సరే, చదువు" అంది. ఎండలోకి వచ్చి, కాగితం ఎత్తిపట్టి చదివాను. తనకు తెలిసినదే కనక వింటూ ఊరుకుంది. చివరి వరస దగ్గర, "అది మళ్ళీ చదువు" అంది. చదివాను. మళ్ళీ అంది. మూడోసారి సగందాకా వచ్చి ఆపేశాను. అక్క లేచి నా పక్కకు వచ్చి, కాగితం అంచు పట్టుకొని ఎండలోకి చూసింది. అక్షరాలు రానిది, ఏం కనబడిందో. చాలాసేపు చూసి, "అయితే అమ్మ పాడుచెయ్యలేదన్నమాట" అంది.

నాకు ఆ మాట అప్పటిదాకా తట్టలేదు. నాన్న రాసింది చూసుకున్నాను, నా తప్పు చూసుకున్నాను, అమ్మ సంగతి గుర్తే రాలేదు.

పాత వల ఎప్పుడో పోయింది, ఇప్పుడేం చెయ్యమంటావు అని అడిగాను. "నార తీసుకురా. అల్లుతాను. మొదటి పులసల నాడు పెద్దల ముందు నిలబడి, ఆ రోజు ఏం చేశావో నీ నోటితో చెప్పు" అంది. నార తెచ్చాను. పాతదాని పక్కన చిన్నదే, ఆషాఢం దాటేదాకా అల్లింది. చెక్క నేనే దంచాను, నీళ్ళు నేనే కాచాను. మొదటి రోజు పులసలు పడ్డాక, ఇసుకతిప్ప మీద వాటాలు వేస్తుండగా, పడవకు వేశారు, మనుషులకు వేశారు. వల వాటా తీసుకెళ్ళి అక్క ముందు పోసి, "ఆ రోజు నేనాడింది అబద్ధమండి. వల అక్కదని నాన్న రాశాడు, చదివి చూశాను" అన్నాను. ఆ నలుగురు పెద్దల్లో అప్పటికి మిగిలింది ఒక్కడే. ఆయన చెవి దగ్గర చెయ్యిపెట్టి రెండోసారి చెప్పించుకొని, "ఏ వలరా? అది చిరిగిపోయి ఎన్నాళ్ళయింది?" అన్నాడు. అన్న గబగబా వచ్చి, "పడవ సంగతేం రాశాడు?" అన్నాడు.

"నీకే రాశాడు."

"మరింకేం. గొంతు చించుకుంటావెందుకు?" అని వెళ్ళిపోయాడు. పదహారేళ్ళు నా గుండెల మీద కూర్చున్న సంగతి వాళ్ళకు అంతలో తేలిపోయింది.

అక్క మాత్రం కూర్చొని, కుప్పలోంచి చేపలు రెండు వరసలుగా విడదీసింది, నాకొకటి, తనకొకటి. "ఇది నీ సగం. నాన్న రాశాడు" అంది. తీసుకోవటానికి నాకు చేతులు రాలేదు. "తీసుకోరా తమ్ముడూ. ఎండ ఎక్కుతోంది, నీకు సిగ్గు తీరేలోపు చేప కుళ్ళుతుంది" అంది. తమ్ముడూ అని పిలిచి పదహారేళ్ళయింది.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆ వల వేశాం. అక్క కూడా పోయింది, తన సూదిని నా కూతురి చేతిలో పెట్టి. ఇప్పుడు రైలు వంతెన మీద పోతుంటే కింద మా ఇసుకతిప్ప ఎక్కడో కూడా నాకు ఆనవాలు చిక్కదు. మా ఇంట్లోనూ చెదలు బాగానే ఉన్నాయి. నేను అక్షరాలు వచ్చాక సంబరపడి రాసుకున్న కాగితాలన్నీ తినేశాయి. అమ్మ ముంచిన కాగితం జోలికి మాత్రం పోలేదు. మొన్న సాక్షి సంతకం పెట్టి వచ్చాక దాన్ని తీసి మళ్ళీ ఎండకెత్తి చూశాను, ఒక్క అక్షరం కూడా చెదరలేదు. ఇంక దీనికి ఏ భయమూ లేదురా అన్న మాట నిజమే. నాకు అక్షరాలు వచ్చేదాకా ఆ కాగితం పదహారేళ్ళు ఆగింది. అమ్మ పద్నాలుగేళ్ళే ఆగగలిగింది.